అమ్మమ్మల పెట్టె

నేను ఒక డీప్ ఫ్రీజర్‌ని. పెళ్ళివిందుల్లో ఐస్‌క్రీమ్ దాచుకునే బాపతుని కాదు. నా కడుపులో చలి సున్నాకి ఎనభై డిగ్రీల కింద. అంత చలిలో ప్రాణం చావదు, అలాగని బతకనూ బతకదు, ఆగిపోయి కూర్చుంటుంది. ఎన్నేళ్ళ తరవాత వెచ్చబెట్టినా ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలుపెడుతుంది.

నన్ను ఎక్కడో మంచుదేశంలో చేసి, ఓడెక్కించి విశాఖ రేవులో దింపారు. యూనివర్సిటీవాళ్ళు ఎంతో ఆరాటపడి తెప్పించుకున్నారు. తీరా వచ్చాక నేను తలుపులో పట్టలేదు. జీవపరిణామం మీద గంటలకొద్దీ పాఠాలు చెప్పేవాళ్ళలో ఒక్కరికీ ముందుగా తలుపు కొలవాలని తోచలేదు. చివరికి గోడ పగలగొట్టి నన్ను లోపలికి నెట్టారు.

నా యజమానురాలు ప్రొఫెసర్ హైమవతి. భీమిలి పక్క తాటితోపులో దింపిన కల్లులోంచి ఆవిడ ఈస్టుని పట్టి తెచ్చారు. కల్లుని పులియబెట్టేది ఈ ఈస్టే. ఒంటికణం జీవి, ఎవరి బతుకు వారిదే. ఒకే కణం సంతానాన్ని ఆరు ఫ్లాస్కుల్లో పంచి, రోజూ అందులోంచి అడుగుకి తొందరగా దిగినవాటిని ఏరి కొత్త చక్కెరనీళ్ళలో వేస్తూ వచ్చారు. ఏళ్ళు గడిచాయి. ఐదు ఫ్లాస్కుల్లో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. ఆరోదాంట్లో కణాలు ఒకదాన్నొకటి వదలడం మానేసి గుత్తులు కట్టాయి. పైగా ఆ గుత్తుల్లో కొన్ని కణాలు మిగతావాటి కోసం చచ్చిపోవడం కూడా నేర్చుకున్నాయి. ఒంటరి ప్రాణాలు కలిసి ఒక ఒళ్ళుగా మారడం మొదలుపెట్టాయన్నమాట. ఆ గుత్తులతో మేడమ్ పేరు దేశదేశాలకీ పాకింది. ప్రయోగం ఆపి, అన్నిటినీ సీసాల్లో పోసి నా కడుపులో పెట్టారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సుహాసిని ఊరుకోనివ్వలేదు. చీపురుపల్లి నుంచి పరిశోధనకి వచ్చిన పిల్ల, మాట మెత్తన, పట్టు గట్టిది. ప్రయోగం మొదలుపెట్టేముందు కొన్ని విడిగా తీసి నాలో దాచిన మొట్టమొదటి కణాలకి అమ్మమ్మలు అని పేరుపెట్టిందీ తనే. అమ్మమ్మల్ని నిద్రలేపి మొదటినుంచి మళ్ళీ నడిపిస్తే గుత్తులు మళ్ళీ కడతాయా అని ఆమె ప్రశ్న. అది ఈస్టు నుదుట రాసి ఉందా, ఆ ఒక్క ఫ్లాస్కుకి తగిలిన అదృష్టమా? నిజానికి ఈ ప్రశ్న మీ గురించి కూడా. భూమి కథ మళ్ళీ మొదలుపెడితే మనుషులు మళ్ళీ పుడతారో లేదో ఎవరికీ తెలియదు. మీరు మాత్రం పుట్టితీరవలసినవాళ్ళలాగే తిరుగుతుంటారు.

దసరా తరవాత మొదలుపెడదామని మేడమ్ ఒప్పుకున్నారు. ఒప్పుకోలు మొహంలో కనబడలేదు.

ఆయుధపూజ వచ్చింది. మా అటెండరు అప్పలకొండకి నేనంటే మహా గౌరవం. నాకు ఒళ్ళంతా పసుపు రాసి, డిగ్రీలు చూపించే అద్దం మీద గంధం మెత్తి పెద్ద బొట్టుపెట్టాడు. తలమీంచి బంతిమాలలు వేలాడదీశాడు. అటూ ఇటూ అరటిపిలకలు కట్టి, వాటి ఆకులు కింద నా గాలిజాలికి అడ్డంగా మడిచి తాడు బిగించాడు. నేను ఊపిరి తీసేది ఆ జాలిలోంచే. మేడమ్ వచ్చి దణ్ణం పెట్టుకుని, ఈసారి బాగా కుదిరిందని మెచ్చుకున్నారు. అందరూ ప్రసాదం తిని సెలవులకి వెళ్ళిపోయారు. నాకు ఆపద వస్తే కేకపెట్టే గంట ఒకటుండేది. కరెంటు పోయినప్పుడల్లా చెవులు చిల్లులు పడుతున్నాయని దాని తీగ ఎప్పుడో పీకేశారు. అలా దేవుణ్ణి చేసి నా గొంతు నొక్కారు.

పండగపూట పొద్దున్నే సుహాసిని ఫ్లాస్కులు సిద్ధం చేసుకుందామని వచ్చింది. తను క్రైస్తవుల పిల్ల, దసరా హడావిడి లేదు. గదిలో అడుగుపెట్టగానే ఆగిపోయింది. నా రొద వినబడటం లేదు. పరుగున వచ్చి బొట్టు తుడిచి అద్దంలో అంకె చూసింది, మొహం పాలిపోయింది. ప్లగ్గు చూసింది, స్టెబిలైజరు చూసింది. తలుపు తెరిచి లోపల ఎలా ఉందో చూడబోయి, ఉన్న చలి పోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తెలివికి దణ్ణం పెట్టాలనిపించింది. కింద చూడవే తల్లీ అని అరవాలని ఉంది, గంట లేదు కదా.

చివరికి చూసింది. అరటాకులు పట్టుకుని లాగబోతుంటే, దీపం పెట్టడానికి వచ్చిన అప్పలకొండ గుమ్మంలోంచి ఆపాడు.

"ఉద్వాసన సెప్పకుండా తీసీకూడదమ్మా. అరిస్టం."

సుహాసిని చెయ్యి ఆగింది. ఇంకెవరైనా అయితే లాగిపారేసేవారు. తను లాగితే రేపు దానికి వేరే అర్థం తీస్తారని ఆమె భయం. ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు, అందుకే ఆమె మీద కోపం రాలేదు. మేడమ్‌కి ఫోన్ చేసింది. ఆవిడ వచ్చేదాకా ఇద్దరూ నా ఎదుట నిలబడ్డారు. లోపల అంచులనున్న సీసాలు మెత్తబడటం మొదలైంది.

మేడమ్ వంటింట్లోంచి అలాగే వచ్చేశారు. ఒక్క చూపు చూసి, "యథాస్థానం ప్రవేశయామి" అని గబగబా గొణిగి, అరటిపిలకలు పీకి అవతల పారేశారు. అప్పలకొండ చెంపలేసుకున్నాడు. కానీ నా కంప్రెసర్ అప్పటికే మాడిపోయింది. మా రెండో ఫ్రీజరు వేసవిలోనే చెడి, దాని పెట్టెలు కూడా నాలోనే ఉన్నాయి. మిగతా డిపార్టుమెంట్లకి తాళాలు, తాళంచెవులు ఊళ్ళకి వెళ్ళినవాళ్ళ జేబుల్లో. మిగిలింది మూలనున్న, నాకన్నా చల్లనైన ద్రవనైట్రోజన్ డబ్బా ఒక్కటే. అందులో ఒక్క పెట్టె పడుతుంది.

గుత్తుల పెట్టె తియ్యమన్నారు మేడమ్. అది ఆవిడ జీవితం. పేరు, పదవి, పై దేశాల ఆహ్వానాలు అన్నీ అందులోనే ఉన్నాయి. సుహాసిని కదల్లేదు.

"అమ్మమ్మ ఉంటే మళ్ళీ అడగొచ్చు మేడమ్. ఆమె పోతే ఇంకెవర్నడుగుతాం?"

"అడిగితే, మళ్ళీ కట్టకపోతే?" మేడమ్ గొంతు అణిగింది. "నేను ఇన్నాళ్ళూ చూసింది గాలివాటం అంటారు. చేతిలో గుత్తులు కూడా ఉండవు చూపించడానికి."

"అంటారు మేడమ్."

కాదని అబద్ధమాడితే సులువుగా ఉండేది. ఆ పిల్ల ఆడలేదు. లోపల మంచు కరిగి చుక్కలు పడుతున్న చప్పుడు ముగ్గురికీ వినబడుతోంది. మేడమ్ అంత భయపడగా నేనెప్పుడూ చూడలేదు. తరవాత పైట నడుముకి దోపుకుని, తలుపు తెరిచి, అడుగు అరలో చెయ్యిపెట్టి అమ్మమ్మల పెట్టెని తనే తీసి డబ్బాలో దింపారు. గుత్తుల వంక చూడకుండా తలుపు మూశారు.

గుత్తులు కరిగిపోయాయి. తరవాత ఏవో కొన్ని కణాలు మేలుకున్నాయి కానీ, అవి పాతవేనా, కరగడం తట్టుకోగలిగినవి మాత్రమే మిగిలాయా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. లెక్కలోంచి తీసేశారు.

ఇప్పుడు నేను వరండాలో ఉన్నాను. నన్ను పాత ఇనుముకి అమ్మాలంటే ఒక కమిటీ కూర్చోవాలట, అది ఇంకా కూర్చోలేదు. పోతేపోనీ, ఎదురుగా లాబ్ కిటికీ ఉంది. అమ్మమ్మలు నిద్రలేచారు. కొత్తగా ఆరు ఫ్లాస్కులు ఊగుతున్నాయి. రిటైరయ్యేదాకా మేడమ్ రోజూ పొద్దున్నే వచ్చి ఒక్కొక్కదాన్నీ వెలుతురుకి ఎత్తి చూసేవారు. అన్నీ పలచగా, మబ్బుగా, ఎవరి బతుకు వారిదిగా ఉండేవి. నాకు చూడబుద్ధయ్యేది కాదు. అయినా చూసేదాన్ని.

ఆవిడ రిటైరైన రోజున సభ అయ్యాక మళ్ళీ లాబ్‌కి వచ్చారు. మీరు వెళ్ళండి మేడమ్, ఈపూట నేను చేస్తానని సుహాసిని మొహం పక్కకి తిప్పుకుని అంది. ఆవిడ వినిపించుకోలేదు. ఆరు ఫ్లాస్కులూ ఎత్తి చూశారు.

"కట్టలేదు," అన్నారు.

తరవాత కూర్చుని, ఒక్కొక్కదాని అడుగునుంచీ కాస్త తీసి కొత్త చక్కెరనీళ్ళలో వేశారు. ఒక్క బొట్టు ఒలకలేదు. లేచి సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగారు.

"రేపు ఏదైనా కనబడితే ఫోన్ చెయ్యమ్మా," అన్నారు. "ఏమీ కనబడకపోయినా చెయ్యి."