కింది గది అని రాసిన ఫారం

రాడాన్ గ్యాసు కొలిచే పెట్టె పట్టుకుని వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే అడిగింది, ఇంట్లో అన్నిటికంటే కింది గది చూపించమని. అది నా భార్య కుట్టుమిషన్ గది. నేల కింద ఉంటుంది. ఆమె పోయి రెండేళ్లు. నేను రోజూ పొద్దున దిగి గంటసేపు కూర్చుంటాను. ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు.

“మూడు రోజులు కిటికీలు తెరవకండి బాబాయ్. ఈ గ్యాసు మట్టిలోంచి వస్తుంది. నేల పగుళ్లలోంచి ఇంట్లో చేరుతుంది. వాసనుండదు, రంగుండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి.”

“తెలుసు. ఏడేళ్ల కిందట ఈ పెట్టెలు రాష్ట్రమంతా పంచారుగా.”

“పెట్టెను కదపకండి మరి. మీ వీధిలో ఒకాయన పాడైపోతుందని ఫ్రిజ్‌లో పెట్టాడు.”

నాకు నవ్వు రాలేదు.

నాలుగో రోజున పెట్టె తీసుకెళ్లింది. మరో వారానికి కాగితంతో వచ్చింది. గ్యాసు ఉండాల్సినదానికి ఐదు రెట్లు.

“ఏడేళ్ల కిందట చాలా తక్కువొచ్చిందే. ‘కింది గది’ అని ఫారంలో మీరే రాశారు. నిజంగా ఎక్కడ పెట్టారు బాబాయ్?”

కిందే పెట్టమని నా భార్య చెప్పింది. ఆ వారం ఆమె బడి యూనిఫాంలు కుడుతోంది. బల్ల నిండా గుడ్డ. అది సర్దడానికి బద్ధకించి పెట్టెను వంటింటి కిటికీలో పెట్టాను. ఫారంలో మాత్రం ఆమె చెప్పినట్టే రాశాను. భయం లేదని జవాబొచ్చింది. ఆమె ఇంకో నాలుగేళ్లు అక్కడే కుట్టింది. పొగ వాసనే పడని మనిషి ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది.

“వంటింటి కిటికీలో,” అన్నాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట.

అమ్మాయి రాయడం ఆపింది. గోడ మీది ఫొటో చూసింది.

“పిన్నిగారికి ఏమైంది?”

“ఊపిరితిత్తులు.”

“దీనివల్లేనని ఎవరూ చెప్పలేరు బాబాయ్.”

“కాదని చెప్పు.”

అమ్మాయి పాత ఫారం బయటికి తీసింది. నేల కిందికి గొట్టం దించి ఫ్యాను బిగిస్తే గ్యాసు బయటికి పోతుందని, అందాకా ఆ గదిలో కూర్చోవద్దని చెప్పింది. పాత ఫారం కొట్టేసి సంతకం పెట్టించుకుంది. మర్యాదగా సెలవు తీసుకుంది.

నా భార్య అయితే ఊరుకునేది కాదు. “నీకు చెప్పేకంటే నేనే చేసుకోవడం నయం” అని మొదలుపెట్టిందంటే అన్నం వార్చేదాకా ఆగేది కాదు. ఆ నోటితో నాలుగు తిట్లు పడాలని ఉంది.

మెట్ల దాకా వెళ్లాను. దిగలేదు.

“పెట్టెను వంటింటి కిటికీలో పెట్టానే,” అన్నాను, కిందికి వినబడేలా.