రెండిళ్లు ఎక్కువైన వీధి

మాధవరంలో మూతబడిన ఒక నూలుమిల్లు వెనక కార్మికుల కోసం కట్టిన లైను ఇళ్లు అరవై రెండు ఉండేవి. అన్నీ ఒకే వరస, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. మిల్లు స్థలం అమ్ముడుపోయింది. రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలని నోటీసులు వచ్చాయి. అరవాల్సిన వాళ్లు అరిచాక, వీధి సంఘం కార్యదర్శి ఆరోగ్యసామికి ఒక ఆలోచన వచ్చింది. వీధి మొత్తం ఒకే ఫొటోలో పడాలి. ఎవరి గుమ్మం ముందు వాళ్లు నిలబడాలి.

మైలాపూరులో స్టూడియో నడిపే ఆదికేశవులు వచ్చి చూశాడు. ఎదురుగా పన్నెండు అడుగుల సందు, ఆ తర్వాత మిల్లు ప్రహరీ. వెనక్కి జరిగే చోటు లేదు. అందుకని స్టాండు మీద కెమెరా పెట్టి, గుమ్మానికి మూడేసి ఫొటోల చొప్పున తీసుకుంటూ వీధి చివరిదాకా నడిచాడు. ఆదివారం పొద్దున పదింటికి మొదలుపెడితే ఒంటిగంటయింది. నూట ఎనభై ఆరు ఫొటోలు. వాటిని కంప్యూటర్లో కలిపి ఒకటి చేస్తామని చెప్పి వచ్చేశాడు. కలపడం అతని పని కాదు, అలివేలు పని.

అలివేలు వాళ్లది తాతల కాలంలో గూడూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ స్టూడియోలో తొమ్మిదేళ్లుగా ఫొటోలు దిద్దుతోంది. పెళ్లి ఫొటోల్లో కళ్లు మూసుకున్న వాళ్లకి వేరే ఫొటోలోంచి కళ్లు తెచ్చి పెట్టేది. అలిగి పెళ్లికి రాని ఒక మేనమామని రెండో వరసలో నిలబెట్టింది కూడా. ఆయన ఆ ఫొటో చూసి, తను వెళ్లినట్టే ఉందని ఒప్పుకున్నాడట.

ఈ పని మొదటిరోజు బాగానే నడిచింది. ఒక్కో గుమ్మం అయిదువేల పిక్సెళ్ల, అంటే తెర మీది చుక్కల, వెడల్పు వచ్చింది. పది గుమ్మాలు కలిశాయి. ఇరవై దాటాక సాఫ్ట్‌వేర్ నెమ్మదించింది. ఒక బటన్ నొక్కి, వెళ్లి టీ తాగి వస్తే ఆ పని అయివుండేది. ముప్పై దాటాక టీ తాగొచ్చినా అయ్యేది కాదు. నలభై దగ్గర డిస్కులో చోటు లేదంది. అలివేలు రెండేళ్ల కిందటి సీమంతాల ఫొటోలన్నీ వేరే డిస్కులోకి మార్చి చోటు చేసింది. కంప్యూటర్ వేడెక్కుతుంటే పక్క మూత ఊడదీసి టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పింది. ఆదికేశవులు చెమటలు తుడుచుకుంటూ చూశాడు.

అయిదోరోజు మధ్యాహ్నం అరవై గుమ్మాలు కలిశాయి. అరవై ఒకటోది చేర్చబోతే, వెడల్పు మూడు లక్షల చుక్కలకి మించడానికి వీల్లేదని తెర మీద ఒక డబ్బా వచ్చింది. కింద 'సరే' అని ఒక్కటే బటన్ ఉంది. కాదనడానికి బటన్ లేదు. సాఫ్ట్‌వేర్ లెక్కలో వీధి అరవై ఇళ్లతో అయిపోయింది.

అలివేలు వెళ్లి వీధిలో రెండిళ్లు ఎక్కువయ్యాయని చెప్పింది. ఆ చివరి రెండిళ్లలో ఎవరైనా ఉంటున్నారా అని ఆదికేశవులు అడిగాడు. చిట్టచివరిది ఆరోగ్యసామిదే.

దారులు రెండున్నాయి. నూట ఎనభై ఆరు ఫొటోలనీ ఒక్కొక్కటిగా సైజు కాస్త తగ్గించి, మళ్లీ మొదటినుంచి కలుపుకుంటూ రావాలి. లేదా వీధిని రెండు ముక్కలు చేసి, రెండు ఫొటోలుగా ఇచ్చెయ్యాలి. ఆదికేశవులు రెండో దారి ఎంచుకుని ఆరోగ్యసామికి ఫోన్ చేశాడు. ఇటు ముప్పై ఒకటి, అటు ముప్పై ఒకటి. సరిగ్గా సగం.

ఆ సాయంత్రం సంఘం కూర్చుంది. ముప్పై ఒకటికీ ముప్పై రెండుకీ మధ్య కొయ్యడమనేసరికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ముప్పై ఒకటిలో అంజలై ఉంటుంది, ముప్పై రెండులో అమ్ములు. అమ్ములు వాళ్ల వాషింగ్ మెషీన్ నీళ్లు అంజలై గుమ్మం ముందుకి పారిన రోజు నుంచి పదకొండేళ్లుగా వాళ్ల మధ్య మాటల్లేవు. పైపు ఆ మరుసటి వారమే మార్చారు. మాటలు మాత్రం మళ్లీ మొదలవలేదు. కొయ్యడానికి అంతకన్నా మంచి చోటు లేదని ఆరోగ్యసామి ఫోన్లో చెప్పాడు.

రెండురోజుల తర్వాత అంజలై స్టూడియోకి వచ్చింది. ఆవిడ కూర్చునేలోపే అమ్ములు కూడా వచ్చింది. ఇద్దరూ మాధవరం నుంచి ఒకే బస్సులో వచ్చారు, మైలాపూరుకి ఇంకో బస్సు మారింది కూడా ఒక్కచోటే, కానీ కలిసి రాలేదు. అలివేలు రెండు స్టూళ్లు వేసింది. ఇద్దరూ వాటిని ఇంకాస్త ఎడంగా జరుపుకుని కూర్చున్నారు.

అంజలై ముందు మాట్లాడింది. "పాపా, పోటోని మా ఇంటికాడ కొయ్యొద్దు."

"ఎందుకక్కా? అందరూ సరేనన్నారంట గదా."

"అందరికీ ఏం, సరే అంటారు. మేం మాట్లాడుకోం, నిజిం. అది మా ఇద్దరి సంగతి. పోటోలో కోస్తే అది వీధి సంగతి అయిపోతాది. రేపు మా పిల్లల పిల్లలు ఈడెందుకు కోసినారని అడిగితే ఏం చెప్పేది?"

అమ్ములు అలివేలు వైపే చూస్తూ, తను కూడా ఆ మాట చెప్పడానికే వచ్చానంది. ఎవరినో చూసి వచ్చానని మాత్రం అనుకోవద్దంది.

సాఫ్ట్‌వేర్ సంగతి చెప్తే అర్థమవుతుందో లేదోనని, అలివేలు ఆ చోటే తెర మీద పెద్దది చేసి చూపించబోయింది. అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ముగ్గురూ బూడిదరంగు గళ్లని చూస్తూ కూర్చున్నారు. ముందు గోడ వచ్చింది, తర్వాత కిటికీ, తర్వాత మనుషులు.

ఫొటో తీసిన రోజు వీధంతా ఎండ. నీడ ఉన్నది ఈ రెండు గుమ్మాల మధ్య గోడ దగ్గర జానెడే. ఇద్దరూ, ఒకరినొకరు చూసుకోకుండానే, అటూ ఇటూ ఆ నీడలోకి జరిగి నిలబడ్డారు. ఇద్దరివీ ఆకుపచ్చ చీరలే. ఫొటోలు కలిపేటప్పుడు సాఫ్ట్‌వేర్ తికమకపడింది. అంజలైకి ఎడమచెయ్యి లేదు. అమ్ములుకి మూడు చేతులున్నాయి.

అలివేలు ముఖం ఎర్రబడింది. కలపడం అయ్యాక ఇలాంటివన్నీ దిద్దుతానని, ఇంకా ఇక్కడిదాకా రాలేదని అంది. ఆ మాటలు ఎవరూ విన్నట్టు లేదు. అంజలై లేచి తెర దగ్గరికి వెళ్లింది.

"ఆ చెయ్యి నాది," అంది.

అమ్ములు కూడా లేచింది. ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా చూసింది. "ఆమెదే. మట్టిగాజులు నాకు లేవు. ఆమెకి ఇచ్చేయి పాపా."

తర్వాత ఇద్దరూ మళ్లీ స్టూళ్ల మీద కూర్చుని అలివేలు వైపు చూశారు. వాళ్లేమీ బతిమాలలేదు. వచ్చిన పని చెప్పేశారు, ఇక జవాబు వింటే వెళ్లిపోతారు.

కొయ్యనని అలివేలు చెప్పింది. చెప్పాక, ఆ మాటకి ఎంత పని ఉందో లెక్కేసుకుంది.

ఆదికేశవులు ఒప్పుకోలేదు. సంఘం వాళ్లే సరేనన్నాక నీకేం పట్టిందన్నాడు. అలివేలు వాదించలేదు. చేతిలో ఉన్న రెండు పెళ్లిళ్ల ఫొటోల పని పొద్దుటి పూటలే చేసుకుంటాననీ, మధ్యాహ్నాలు తనకి వదిలెయ్యమనీ అడిగింది. ఆయన కాసేపు కెమెరా లెన్సు తుడిచాడు. తర్వాత, ఈసారి ఎనిమిదేసి గుమ్మాలు విడిగా కలుపుకుని, చివర్న అన్నిటినీ ఒక్కటి చెయ్యమన్నాడు. మంచి సలహా. అదేదో మొదట్లోనే చెప్పి ఉండాల్సిందని ఆమె అనుకుంది.

గుమ్మానికి నాలుగువేల ఎనిమిది వందల చుక్కలు. పదకొండు మధ్యాహ్నాలు. సాఫ్ట్‌వేర్ ఏడుసార్లు దానంతటదే మూసుకుపోయింది. ప్రతిసారీ అలివేలు లేచి, మొహం కడుక్కుని, వచ్చి కూర్చునేది. అరవై రెండిళ్ల వాళ్లూ ఆమెకి బంధువుల్లా అలవాటైపోయారు. పద్నాలుగో గుమ్మం ముందు తీసిన ప్రతి ఫొటోలోనూ అక్కడి ముసలాయన ఆవలిస్తూనే ఉన్నాడు. ఎక్కడ వెతికినా ఆయనకి మూసిన నోరు దొరకలేదు. అలాగే వదిలేసింది. అంజలైకి చెయ్యి ఇచ్చేసింది.

పదకొండోరోజు మధ్యాహ్నం వీధి మొత్తం రెండు లక్షల తొంభై ఏడువేల ఆరు వందల చుక్కల్లో ఇమిడింది. సేవ్ అవడానికి యాభై నిమిషాలు పట్టింది. అయ్యాక తెర మీద ఏ డబ్బా రాలేదు. అలివేలుకి ఒళ్లు తేలికపడింది. చెప్పుకోవడానికి చుట్టూ ఎవరూ లేరు. ఆదికేశవులు భోజనానికి వెళ్లాడు.

ఫ్లెక్సు వేసే జెబ దాన్ని చూసి, ఇంత పొడుగు బ్యానర్ తన షాపులో ఏ పార్టీ వాళ్లూ అడగలేదంది. మూడడుగుల ఎత్తు, నూట యాభై అడుగుల పొడవు. ఒకే చుట్ట.

ఆదివారం దాన్ని మిల్లు ప్రహరీకి కట్టారు. ఎవరి గుమ్మం వాళ్లు వెతుక్కుని అక్కడే నిలబడిపోయారు కాబట్టి మొత్తం ఫొటో చూసినవాళ్లు దాదాపు లేరు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది అలివేలు ఒక్కతే. మధ్యలో అంజలై, అమ్ములు పక్కపక్కనే నిలబడి ఫొటో చూస్తున్నారు.

అమ్ములు అలివేలుతో అంది, "ఆమె చెయ్యి కొంచెం నల్లగా పడినట్టుంది, పాపా."

"నా చెయ్యి నలుపేలే," అంది అంజలై. అలివేలుతో కాదు.

అమ్ములు ఫొటోనే చూస్తూ జవాబిచ్చింది. "ఎండ వల్లని చెప్తా ఉండా."

ఆ రోజుకి అంతే. నెలాఖరుకి ఇళ్లు ఖాళీ అయ్యాయి. అమ్ములు షోళింగనల్లూరులో కూతురి అపార్ట్‌మెంటుకి వెళ్లిపోయింది. అంజలై మాధవరంలోనే బస్టాండు దగ్గర ఒక పోర్షనులోకి మారింది. ఫ్లెక్సు చుట్టని చర్చి హాల్లో పెట్టించానని ఆరోగ్యసామి చెప్పాడు.

మూడువారాల తర్వాత ఒక పొద్దున అంజలై స్టూడియోకి ఫోన్ చేసింది. బాగున్నావా అని అడిగింది. కొత్త ఇంట్లో నీళ్లు సరిగ్గా రావడం లేదంది. అంతా అయ్యాక, అమ్ములు నంబరు నీ దగ్గర ఉందా అని అడిగింది. ఎందుకని అలివేలు అడగలేదు. తన దగ్గర లేకపోతే ఆరోగ్యసామిని అడిగి తీసుకుని, తిరిగి ఫోన్ చేసి, ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పింది. అంజలై రాసుకుని, తప్పు పడిందేమోనని మొత్తం మళ్లీ చదివి వినిపించింది.