తీగ పీకమన్న పాపానికి

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు అన్నాడు. మోకాలు కూడా ఒప్పుకుంది. ఒప్పుకోనిదల్లా అత్తగారే. చేతికర్ర పట్టుకుని మంచం దగ్గర్నుంచి గది గుమ్మం దాకా వస్తారు. అక్కడ ఆగి, "ఇక నా వల్ల కాదు" అని వెనక్కి తిరుగుతారు. ఒకప్పుడు బడి మొత్తాన్ని కనుసైగతో నడిపించిన హెడ్మిస్ట్రెస్‌ను నడిపించడం ఎవరి తరం? నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు బెదిరించాడు. కొడుకు బతిమాలాడు. కోడలు మాత్రం బెదిరించలేదు, బతిమాలలేదు. సంచీ తీసుకుని మొక్కల దుకాణానికి వెళ్లింది.

దుకాణదారు తెల్లమచ్చల ఆకుల తీగ ఒకటి ముందుకు తోశాడు. "ఇది తీసుకోండమ్మా, ఎంత షోగా ఉందో!"

"షో ఉంటుంది, వెలుతురుంటే. మా నడవాలో పెడితే ఆ మచ్చలన్నీ మాసిపోతాయి. పచ్చ మనీప్లాంటే చూపించండి."

ఆమె ఆకులు వెనక్కి తిప్పి చూసింది. కణుపుల సందుల్లో పిండినల్లి పురుగు ఉందేమోనని వెతికింది. కుండీ ఎత్తి అడుగు తడిమింది.

"సంబంధం చూడ్డానికొచ్చినట్టు చూస్తున్నారే!" అన్నాడతను.

"అప్పుడు ఇంతగా చూడలేదండీ. అందుకే ఇప్పుడు చూస్తున్నాను."

కుండీ అత్తగారి మంచం పక్కన, కిటికీ దగ్గర చేరింది. పొడుగాటి తీగను కోడలు గోడ వెంబడి దారం ముడులతో నడిపించి, గుమ్మం దాటించి, నడవాలోకి మళ్లించింది. నడవా చివర హాలు కిటికీ ఉంది. తీగ వెలుతురు వైపే పోతుంది. తీగ వెనకాల అత్తగారు పోతారని ఆమె నమ్మకం. కోడలి నమ్మకాలు సామాన్యంగా వమ్ము కావు.

శ్రీవారు కూడా ఓ చెయ్యి వేశారు. పొద్దున్నే చెంబుతో నీళ్లు పట్టుకొచ్చారు.

"వేలు పెట్టి చూశారా?" అంది కోడలు.

"ప్రతిదాంట్లో వేలు పెట్టొద్దంటావుగా."

"దీంట్లో పెట్టాలి. వేలి రెండో కణుపు దాకా మన్ను పొడిగా తగిలితేనే నీళ్లు. లేకపోతే వేళ్లు కుళ్లి చస్తుంది."

ఆకులు తడిగుడ్డతో తుడిచే పని అత్తగారు తనే తీసుకున్నారు, చేతికందినంత మేర. కోడలు నడవాలోంచి కేకేసింది. "అత్తయ్యా, కొత్త ఆకు విచ్చుకుంటోంది. వచ్చి చూడండి!"

"ఫొటో తీసి తీసుకురా."

"ఫోన్‌లో ఛార్జింగ్ లేదు."

"పెట్టుకో. నాకేం తొందర లేదు."

ఇలా రెండు నెలలు గడిచాయి. తీగ హాలు దాకా వెళ్లింది. అత్తగారు గుమ్మం దగ్గరే ఉన్నారు. ఆ ఇంట్లో తీగ గురించి తప్ప మరో మాట లేదు.

ఒక ఆదివారం కోడలు నడవాలో గోడ వారగా వేలాడుతున్న పాత టెలిఫోన్ తీగను చూసింది. ఫోన్ పోయి ఏళ్లయింది, తీగ మాత్రం మిగిలింది. "ఏవండీ, ఆ తీగ పీకేద్దురూ. అత్తయ్య బయటికొస్తే కాలికి తగులుతుంది" అని చెప్పి వంటింట్లోకి వెళ్లింది.

శ్రీవారు భార్య మాట జవదాటరు. అందులోనూ రెండు నెలలుగా ఆ ఇంట్లో తీగంటే ఒకటే తీగ. కత్తెర తెచ్చి హాల్లో ఒకచోట, నడవాలో ఒకచోట కత్తిరించి, మిగిలింది ఒక్క గుంజు గుంజారు.

గదిలో కుండీ దడాలుమని పడింది.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా అక్కడ?"

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. ఇక్కడ అత్తగారు కదిలారు. గుమ్మం దాటారు, నడవా దాటారు, హాల్లోకి వచ్చి కొడుకు చేతిలోంచి కత్తెర లాక్కున్నారు.

"తీగ పీకెయ్యమందమ్మా..."

"నేను పీకమన్నది టెలిఫోన్‌ది!" అంటూ పరుగెత్తుకొచ్చిన కోడలు చప్పున ఆగిపోయింది. అత్తగారి చేతిలో కర్ర లేదు. ఆ సంగతి అత్తగారికి ఇంకా తెలియదు.

"బడిలో నీలాంటి వాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదురా! ఎంత ముచ్చటగా పెరిగింది!" అని అత్తగారు వంగి ముక్కలు ఏరుతున్నారు. మోకాలు చక్కగా వంగింది.

"ఏం ఫరవాలేదత్తయ్యా" అంది కోడలు, గొంతు మామూలుగా ఉంచి. "కుండీలోది మళ్లీ చిగురేస్తుంది. ఈ ముక్కల్లో కణుపున్న ప్రతిదీ ఒక మొక్కే. కణుపు నీళ్లలో మునగాలి, ఆకు మునగకూడదు. రెండు మూడు వారాల్లో వేళ్లొస్తాయి."

"అయితే నిలబడి చూస్తావేం? సీసాలెక్కడున్నాయి?"

సీసాలు హాల్లోనే, బల్ల కింద ఉన్నాయి.

"వంటింట్లో, అవతలి చివర" అంది కోడలు.

శ్రీవారు బల్ల వైపు చూసి నోరు తెరవబోయారు. కోడలు ఆయన కాలు గట్టిగా తొక్కింది.