కొమ్ముపిడి చాకు

సూరత్ దగ్గరి జోల్వాలో మగ్గాల షెడ్డులో దారం బాబిన్లు చుట్టే భాగీరథికి పాత మడత చాకులంటే ప్రాణం. సూరత్‌లో ఆదివారం సంతకు పోయి తుప్పు పట్టినవి ఏరి తెచ్చి, నూనె రాసి, మెత్తటి బట్టతో తుడిచి రేకు పెట్టెలో దాచుకునేది. అన్నిటిలోకి ఆమెకు ఇష్టమైనది కొమ్ముపిడి చాకు. ఎవరో ఏళ్ల తరబడి వాడడంతో దాని పిడి ఒకపక్క నున్నగా అరిగింది. ఆ అరిగిన చోట బొటనవేలు ఆనించి మురిసిపోయేది.

ఆ రోజు పని నుంచి వచ్చేసరికి ఆ చాకు రంగు అంటుకుని గడప మీద పడి ఉంది. మొన విరిగిపోయింది. భర్త రాజలింగం దాన్ని పక్కింటి పరుశురాంకు ఇచ్చాడట. అతను దానితో రంగు డబ్బా మూత లేపాడట. ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.

"ఎవర్నడిగి ఇచ్చినవ్?" అంది భర్తతో.

"పాత చాకే గదనే," అన్నాడు రాజలింగం.

పరుశురాం నవ్వాడు. "ఆడోళ్లకు గిన్ని చాకులెందుకు వదినా? కూరగాయలు కోసేది ఒక్కటి సాలదా?"

భాగీరథి చెయ్యి చాపింది. "నీ ఫోన్ ఇటియ్యి. గోడకు మేకు కొట్టాలె."

అతని చెయ్యి జేబు మీదికి పోయింది. "ఫోన్‌తోని మేకు కొడ్తరా?"

"మరి నా చాకుతోని డబ్బా మూత తీస్తరా?"

పరుశురాం నవ్వు ఆగిపోయింది. తన ఇంట్లోకి వెళ్లిపోయాడు.

"ఇంకోటి కొనిస్త తియ్," అన్నాడు రాజలింగం.

"ఇంకోటి నాకొద్దు. నన్నడగకుండ నా పెట్టె ఎందుకు తెరిచినవ్? గది చెప్పు ముందు."

ఆమె చాకు మీది రంగు గీకుతూ కూర్చుంది. ఆ పూట అన్నం రాజలింగమే వడ్డించుకున్నాడు. మరునాడు భాగీరథి పెట్టెకు తాళం కొనుక్కొచ్చింది.