పాట ఆగితే మడమ దింపు

తుకినాని కెరటం లోపలికి ఈడ్చుకుపోతుంటే, మా యజమాని జురగాన్ వార్సో ఒడ్డున గొడుగు కింద నిలబడి "ఆపొద్దు, లాగండి!" అని అరిచాడు. ఆ అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. మీరు కాలేజీ పిల్లలు, ఫ్యాక్టరీ తమ్ముళ్ళు, ఇంత దూరం వచ్చి "సంఘం ఎలా కట్టారు రసితక్కా?" అని అడుగుతున్నారు కదా, అందుకే అక్కణ్ణుంచే మొదలెడతా. ముందే చెప్తున్నా, ఇది మురిపెంగా చెప్పుకునే కథ కాదు. మావాళ్ళని ఒక్కచోట కూర్చోబెట్టేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

మాది అలివి వల పని. పడవ వెళ్ళి వలని సముద్రంలో పెద్ద చుట్టుగా దింపి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి వస్తాయి, ఒకటి తూర్పున, ఒకటి పడమర. నడుముకి గుడ్డ పట్టీ కట్టుకుని, పట్టీకున్న చిన్న తాడుని పెద్ద తాడుకి మెలిపెట్టి, అందరం వెనక్కి నడుస్తాం. ఇసక గట్టు దాకా నడిచినవాడు మెలిక విప్పుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయి ముందు తగులుకుంటాడు. చివరివాడే మొదటివాడవుతాడు. పాట పాడే ముసలి మర్తావీ తప్ప మాకు పెద్ద అంటూ ఎవరూ లేరు. ఆయన "హేలా... హేలా" అంటే లాగుతాం. ఆయన పాట ఆపాడంటే పెద్ద కెరటం వల మీదికి వస్తోందని అర్థం. అప్పుడు మడమలు ఇసకలోకి దింపి, ఊపిరి బిగబట్టి, తాడు కదలకుండా నిలబడాలి. మా తూర్పు తాడోళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, మా కాళ్ళకే తెలుసు.

వల జురగాన్‌ది, పడవ జురగాన్‌ది, మంచు లారీ కూడా ఆయనదే. మావి నడుములు. ఆ నడుముల్ని కూడా ఆయన రెండు ముక్కలు చేశాడు. తూర్పు తాడు మాది, జావావాళ్ళం. పడమటి తాడు మొన్న మొన్న కొండ దిగి వచ్చిన సుందావాళ్ళది. వాళ్ళు మమ్మల్ని "కూరలో బెల్లం పోసుకునే మనుషులు" అని నవ్వేవాళ్ళు. మేం వాళ్ళని "పచ్చాకులు మేసే మేకలు" అనేవాళ్ళం. ఏ తాడు ముందు ఒడ్డుకి చేరితే ఆ తాడుకి మంచి చేప, రెండోదానికి తుక్కు చేప అని జురగాన్ పందెం పెట్టాడు. ఇంకేముంది, పొద్దున లేస్తే పందెమే!

ఆ రోజు మర్తావీ పాట ఆపాడు. మేం మడమలు దింపాం. పడమర వాళ్ళకి ఆ అలవాటే లేదు, పైగా జురగాన్ లాగమంటున్నాడు, వాళ్ళు లాగుతూనే ఉన్నారు. వల అడ్డం తిరిగింది. మా తాడు ఒక్క గుంజు గుంజేసరికి ముందు నిలబడ్డ తుకినా పట్టీతో సహా నీళ్ళలోకి పోయింది. బయటికి తీసేసరికి మోకాలు విరిగి కాలు పక్కకి వేలాడుతోంది.

జురగాన్ దగ్గరికొచ్చి చూశాడు. "అయ్యో పాపం" అన్నాడు. ఆ వెంటనే, "దీని చోటు ఖాళీ. రేపు ఇంకెవరైనా వచ్చి కట్టుకోండి" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. తాడు మీద చోటంటే ఏంటనుకున్నారు? ఆ చోటు తుకినా వాళ్ళమ్మది. మొగుడు పోయాక ఆ చోటు మీదే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. చోటుంటేనే చేపలో వాటా. కాలు మూణ్ణెల్లకో ఆర్నెల్లకో అతుక్కుంటుంది, పోయిన చోటు మళ్ళీ రాదు.

"కాలు బాగయ్యేదాకా దాని చోటు దానిదే ఉంచండి అయ్యా" అన్నాను.

"ఉంచితే తాడు ఎవరు లాగుతారు, నువ్వు రెండు నడుములేసుకొస్తావా?" అన్నాడు జురగాన్. మావాళ్ళే కొందరు కిసుక్కున నవ్వారు. వాళ్ళ నవ్వు తగలెయ్య!

తుకినా చోటు తిరిగిచ్చేదాకా రెండు తాళ్ళూ పని మానాలని మీటింగు పెట్టాం, అది కదల్లేదు కాబట్టి వాళ్ళ అరుగు మీదే. పడమటి తాడు నుంచి ఎంకోస్ వచ్చాడు. మెడ వంచని మనిషి, వాళ్ళందరూ అతని మాట వింటారు. వెనకాల పదిమందిని తెచ్చుకున్నాడు. అరుగు మీద మావాళ్ళు ఒక పక్క, వాళ్ళు ఒక పక్క. టీ కూడా రెండు కెటిల్స్‌లో. వాళ్ళ కెటిల్ వాళ్ళే తెచ్చుకున్నారు! నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మీ తాడు మనిషి పడితే మేమెందుకు పని మానాలి?" అన్నాడు ఎంకోస్.

"లాగింది మీరు కాబట్టి" అన్నాడు మావాడు సన్మూజీ.

"లాగమన్నది జురగాన్."

"జురగాన్ గడ్డి తినమంటే తింటారా? ఓహో, తింటారుగా, పచ్చిదే!"

అంతే, లేచారు. గ్లాసులు దొర్లాయి. నేను మధ్యలోకి దూకి, "ఒరే, మీ ఇద్దరి నోళ్ళూ జురగాన్ మీద ఎందుకు లేవవురా?" అని అరిచాను. గొంతు పోయింది కానీ ఎవరూ వినలేదు. అలాంటి మీటింగులు ఎన్నయ్యాయో నాకే తెలీదు. వచ్చినవాళ్ళు కొట్టుకునేవాళ్ళు, రానివాళ్ళు మర్నాడు పొద్దున్న "ఏం తేల్చారు?" అని అడిగేవాళ్ళు. ఏం తేలుస్తాం, మా బొంద!

ఈలోపు జురగాన్ తుకినా చోట్లో ఓ కొత్త మనిషిని కట్టాడు. ఆ కొత్తవాడు కూడా లేనివాడే, వాణ్ణి ఏమంటాం? అప్పుడు పడమర వాళ్ళలో ఒక ముసలావిడ ఎంకోస్‌ని నిలదీసిందట, "రేపు నా కాలు విరిగితే నువ్వూ ఇంతేనా?" అని. మర్నాడు ఎంకోస్ తనే వచ్చాడు.

"సరే, మానేద్దాం. అందరం ఒకేసారి మానడానికి గుర్తు ఏంటి? తీరమంతా హోరు, ఎవరు చెప్పినా వినబడదు" అన్నాడు.

"మర్తావీ తాత పాట ఆపగానే రెండు తాళ్ళూ వదిలేద్దాం" అని ఎవరో అన్నారు. అందరం తలలూపాం. చూడండి మా తెలివి! మా ఊళ్ళో పాట ఆగితే మడమలు దిగుతాయని పసిపిల్లని అడిగినా చెబుతుంది. ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు వల లాగుతుంటే తాత పాట ఆపాడు. పడమర వాళ్ళు తాడు వదిలేశారు. మా తూర్పు కాళ్ళు వాటంతట అవే ఇసకలోకి దిగిపోయాయి. చేతులు బిగుసుకున్నాయి. నాకు వదలాలని గుర్తొచ్చేసరికే వల పిండిన బట్టలా మెలితిరిగి, చేపంతా వెండిరంగు మెరుపులా సముద్రంలోకి పోయింది. పడమర వాళ్ళ చేతులు తాడు ఒరుసుకుని తోలు లేచాయి. జురగాన్ కోప్పడను కూడా లేదు. కుర్చీ వేసుకుని కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ సాయంత్రం ఎంకోస్ తోలు లేచిన చేతులతో అరుగెక్కాడు. "వెన్నుపోటు పొడిచారు! మేం వదిలాం, మీరు లాగారు!"

"లాగలేదయ్యా, నిలబడ్డాం. పాట ఆగితే మా కాళ్ళు దిగిపోతాయి. మా నాన్న కాళ్ళూ అంతే" అని సన్మూజీ తన కాళ్ళకేసి కోపంగా చూసుకున్నాడు.

"అయితే మీ కాళ్ళతో పెట్టుకుంటే మేం మునుగుతాం."

అప్పటిదాకా గోడకి ఆనుకుని, కాలు చెక్క మీద చాపుకుని ఉన్న తుకినా చేతిలో గరిటె విసిరికొట్టింది. అది ఎంకోస్ పక్కన గోడకి తగిలి పడింది.

"నా అరుగు మీద కూర్చుని నా ముందే ఎన్నాళ్ళు కొట్టుకుంటారు? మానడమంటే వదలడమే అని మీకు ఎవడు చెప్పాడు? వదిలితే ఆయనకేం, రేపు పక్క ఊరి నుంచి ఇంకో గుంపుని తెస్తాడు. వల నిండాక పట్టుకుని నిలబడండి. లాగొద్దు, వదలొద్దు. తాడు నిండా మీరే ఉంటే ఇంకొకడు ఎక్కడ తగులుకుంటాడు? తాడు కోస్తే ఆయన వలే పోతుంది. ఈ తూర్పోళ్ళకి కాళ్ళు దింపడం వచ్చు, మీరు నేర్చుకోండి. నేర్చుకుంటే మీ తాత సొమ్మేం పోదు."

ఎంకోస్ వంగి గరిటె తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఎవరు నేర్పుతారక్కా?" అన్నాడు.

మర్నాటి నుంచి మనుషుల్ని మార్చుకున్నాం. మా తాడులో సగంమంది పడమరకి, వాళ్ళలో సగంమంది తూర్పుకి. జురగాన్ "ఏంటీ కలగాపులగం?" అంటే, "పందెం బాగా రక్తి కట్టాలనయ్యా" అన్నాను. నమ్మాడు, మూర్ఖుడు. పాట ఆగినప్పుడల్లా సన్మూజీ పడమటి తాడు మీద నిలబడి "మడమ! మడమ!" అని తిట్టేవాడు. వాళ్ళు వేళ్ళ మీద నిలబడి జారిపడేవాళ్ళు. "కొండ మీద మేకకి ఇసక ఏం తెలుసు" అని మావాళ్ళు, "బెల్లం తిని ఒళ్ళు బరువెక్కినోళ్ళు నిలబడతారులే" అని వాళ్ళు. తిట్లు అవే, కానీ అవే తిట్లకి ఇప్పుడు ఇద్దరూ నవ్వుతున్నారు. మధ్యాహ్నం వాళ్ళ పచ్చాకులూ మిరపకాయ పచ్చడీ, మా తియ్యకూరా ఒకే ఆకులో పడ్డాయి. సన్మూజీ ఆ పచ్చడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఒప్పుకోలేదు, మళ్ళీ పెట్టించుకున్నాడు. అయినా రోజూ ఎవరో ఒకరు అలిగేవారు, ఎవరో ఒకరు రానని మొండికేసేవారు. వాళ్ళని బతిమాలీ బతిమాలీ నా నోరు ఎండిపోయేది. సంఘమంటే జెండా కాదు నాయనా, రోజూ పొద్దున్నే లేచి చేసే చాకిరీ.

ఇక ఆ రోజు. వల నిండా చేప, నీళ్ళు ఉడుకుతున్నట్టున్నాయి. ఒడ్డున మంచు లారీ సిద్ధంగా ఉంది. నడుంలోతు నీళ్ళకి వల వచ్చేసరికి మర్తావీ పాట మార్చాడు. "హేలా" పోయి "పట్టు... పట్టు" వచ్చింది. రెండు తాళ్ళూ ఆగిపోయాయి.

"లాగండి!" అన్నాడు జురగాన్.

"తుకినా చోటు తుకినాదని చెప్పండి, లాగుతాం. ఇంకెప్పుడూ పందెం పెట్టనని చెప్పండి, లాగుతాం" అన్నాను.

"మీ అందరి చోట్లూ పీకేస్తా!"

"పీకండి, తాడు మీదే ఉన్నాంగా."

అప్పుడే పడమటి తాడు చివర గొడవ వినబడింది. చూద్దును కదా, తుకినా! ఇద్దరు పిల్లలూ చెరో చెయ్యీ పట్టుకుంటే కుంటుకుంటూ వచ్చి, ఇసక గట్టు మీద చతికిలబడి, తన పట్టీ తాడుకి మెలిపెడుతోంది. జురగాన్ ఆమె చోట్లో కట్టిన కొత్తవాడు, మార్పిడిలో పడమరకి వచ్చినవాడు, జరిగి ఆమెకి చోటిచ్చాడు. ఎంకోస్ తన నడుముతో ఆమె ముందు అడ్డం నిలబడ్డాడు.

జురగాన్ కబురు పెడితే పోలీసులొచ్చారు. బూట్లు తడుస్తాయని నీళ్ళలోకి దిగలేదు, ఇసక మీద చివరున్నవాణ్ణి పట్టుకోబోయారు. వాడు మెలిక విప్పుకుని, "నా వంతు అయ్యా, ముందుకి పోవాలి" అని తాపీగా నీళ్ళలోకి నడిచాడు. మళ్ళీ చివరివాణ్ణి పట్టుకోబోతే వాడూ అంతే. తీరమంతా గొల్లుమంది. ఆ నవ్వుకి సార్జెంటుకి రోషమొచ్చి, బూట్లతోనే దిగి, నా పట్టీని కత్తితో కోయించి నన్ను పోలీసు ట్రక్కులో పడేశాడు. ఇంకో ఐదారుగుర్ని తెచ్చాడు. తాడు సడలలేదు.

"ఆ ముసలాణ్ణి పట్టుకోండి! వాడి పాట మీదే వీళ్ళు నిలబడ్డారు. పాట ఆగితే పోయినసారిలాగే చెల్లాచెదురే" అన్నాడు జురగాన్.

మర్తావీని రెక్కలు పట్టి లాక్కొచ్చారు. ఒకడు ఆయన నోరు నొక్కాడు. పాట ఆగింది. తీరం మీద కెరటాల చప్పుడు తప్ప ఏమీ లేదు. జురగాన్ నవ్వుతూ లారీ వాణ్ణి రమ్మని చెయ్యి ఊపాడు.

పాట ఆగింది, అంతే. తూర్పున అన్ని మడమలూ ఒక్కసారి ఇసకలోకి దిగాయి. జురగాన్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ముసలాయన్ని ట్రక్కులో నా పక్కన కుదేశారు. ఆయన కళ్ళకి పొరలు, పది అడుగుల అవతల ఏమీ కనిపించదు, ఇన్నాళ్ళూ కెరటం రాకని హోరుని బట్టే పట్టేవాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. ట్రక్కు కదిలింది. ఆయన నా మోచెయ్యి తడుముకుని పట్టుకున్నాడు.

"దింపారా అమ్మాయ్?"

"దింపారు తాతా."

"పడమర?"

నేను ట్రక్కు అంచు పట్టుకుని లేచి చూశాను. ఎంకోస్ నడుం వెనక్కి వాల్చి నిలబడ్డాడు. అతని వెనక తుకినా బాగున్న కాలు మడమని ఇసకలో పాతేసింది. అటు చివరి నుంచి ఇటు చివరి దాకా ఒక్క మడమ పైకి లేదు.

"పడమర కూడా" అన్నాను.

"అయితే ఇంకేం" అన్నాడు మర్తావీ పెదవి తుడుచుకుంటూ, "పదండి జైలుకి."