చెవిలో చెప్పాల్సిన మాట

మా అత్తగారి దగ్గర ఒక ప్రార్థన ఉంది. పట్టుమని పది వాక్యాలుండవు. కాగితం మీద రాయకూడదు, పైకి పలకకూడదు. మనవరాలికి ఏడేళ్లు నిండాక నాయనమ్మ తల మీద చెయ్యి పెట్టి చెవిలో చెప్పాలి, పిల్ల అలాగే చెవిలో తిరిగి చెప్పాలి. మా వాళ్లందరిలో అదే పద్ధతి. మా నాయనమ్మ నా ఆరో ఏటే పోయింది కాబట్టి నాకు ఆ భాగ్యం లేదు. ఇప్పుడు ఇంట్లో అది తెలిసింది అత్తయ్య ఒక్కావిడకే. ఆవిడ చూస్తే ఇవాళో రేపో అన్నట్టుంది. డాక్టరు ఎప్పుడో చేతులెత్తేశాడు.

"పిల్లకి ఏడు నిండాయి. నేను కన్ను మూసేలోగా చెప్పనీ అమ్మా" అంటూ రోజూ నా ప్రాణం తీసేది.

"దాని నోట్లో నువ్వుగింజ నానదు అత్తయ్యా. రేపు బడిలో పాటలా పాడేస్తుంది. మన కొంపలంటుకుంటాయి."

ఇది మాటవరసకి అన్నది కాదు. ఈ ప్రార్థన చేసేవాళ్ల పేర్లు సర్కారువాళ్లు రాసుకుంటున్నారు. పక్క వీధిలో కిటికీలకి అద్దాలు బిగించే ఆయన కూతురు బడిలో నోరు జారింది. ఆ వారంలోనే ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించారు. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికుంది? నేనూ అడగలేదు. ఆ పిల్ల కుట్టమని ఇచ్చిన గౌను ఇంకా నా దగ్గరే కొక్కేనికి వేలాడుతోంది.

అందుకే నా కూతురికి ప్రార్థనకన్నా ముందు జవాబులు నేర్పాను. నేను మిషను తొక్కుతూ కాలర్లు కుడుతుంటే అది పక్కన కూర్చుని గుండీలు ఏరేది. ఉన్నట్టుండి సర్కారువాళ్లలా గొంతు మార్చి అడిగేదాన్ని.

"మీ ఇంట్లో ఎవరికి మొక్కుతారు?"

"ఎవరికీ మొక్కం సార్."

"మరి మీ నాయనమ్మ పెదాలు కదుపుతుందేం?"

"మతిలేదు సార్. ఊరికే గొణుగుతుంది."

తడబడితే మళ్లీ మొదటినుంచి. అత్తయ్య మంచం మీద అంతా వింటూ గోడవైపు తిరిగేది. తిరిగితే తిరగనీ, ముందు బతకాలిగా అనుకునేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం వచ్చారు, ఇద్దరు. ఒకడి చేతిలో రిజిస్టరు. ఇద్దరిలో పెద్దాయన నన్ను వదిలేసి తిన్నగా పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం తల్లీ, నాయనమ్మ నీకేమైనా మంచి మాటలు నేర్పిందా?"

ఎంత మెత్తగా అడిగాడో! ఈ ప్రశ్న నేను నేర్పలేదే! అయిపోయాం అనుకున్నాను.

"నాయనమ్మకి మాటలే సరిగ్గా రావు సార్. మతిలేదు" అంది నా కూతురు రెప్ప వెయ్యకుండా.

ఆయన నవ్వి, రిజిస్టరులో ఏదో గీయించి, వెళ్లిపోయాడు.

బూట్ల చప్పుడు మలుపు తిరిగేదాకా మేమెవరమూ కదల్లేదు. ఆ తర్వాత దాన్ని ఎత్తుకుని ముద్దులు పెట్టేశాను. "నా బంగారు కొండ! పిడుగువే నువ్వు!" ఇంక దీన్ని నమ్మొచ్చు, చచ్చినా నోరు జారదు.

"అత్తయ్యా, ఇప్పుడే చెప్పేయండి" అన్నాను.

ఆవిడ మొహం చూడాలి! గడియ పెట్టి వచ్చి, వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. పిల్లని మంచం దగ్గరికి తోశాను.

అత్తయ్య దాని తల మీద చెయ్యి వేసి మొదటి మాట అందో లేదో, పిల్ల రెండు చెవులూ మూసేసుకుంది. "ఎవరికీ మొక్కం సార్, ఎవరికీ మొక్కం సార్" అని ఒకటే పాట. నాయనమ్మని పట్టుకుని సార్ అంటోంది!

దాని చేతులు లాగేశాను. "ఒసే, వాళ్లు వెళ్లిపోయారే! ఇంకా దేనికే భయం? ఎవరు కొడతారే నిన్ను?"

పిల్ల నా మొహంలోకి చూసింది.

"నువ్వు" అంది.

అవును, కొట్టాను. తడబడిన ప్రతిసారీ, బట్ట కొలిచే చెక్క స్కేలుతో. దాని మంచికే కదా అనుకున్నాను.

అత్తయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దాని కింద నేనే తల వంచాను. "నాకైనా చెప్పండి అత్తయ్యా" అని బతిమాలాను. ఆవిడ ఆయాసపడుతూనే మొదటి మాట నా చెవిలో వేసింది. తిరిగి చెప్పాలి. నోరు తెరిచాను. పిల్ల ఏడుపు మానేసి నన్నే చూస్తోంది. నా కళ్లు తలుపు వైపు వెళ్లాయి. గడియ వేసే ఉంది, అయినా ఆ మాట నా నోట రాలేదు.