ఉమ్మడి ఫంక్షన్

ఆఫీసులో అందరూ ఆమెను పిన్ని అంటారు. నలభై నిండలేదు పాపం, కానీ వెబ్‌సైట్లకు జావాస్క్రిప్ట్ కోడు రాసే ఆ గదిలో అదే పెద్ద వయసు.

ఆ గదిలో ఒక అలవాటుంది. ఒక పేజీకి రాసిన కోడు ఇంకో పేజీకి కావాలంటే కాపీ కొట్టి అతికించడమే. ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసే నాలుగు లైన్లు అలా ప్రతి పేజీలోనూ తిష్ట వేశాయి. క్లయింటు చిన్న మార్పు అడిగినా పిన్ని పేజీ పేజీకీ వెళ్ళి దిద్దాలి. ఆ చాకిరీ మీద ఆమెకు విసుక్కునే ఓపిక కూడా పోయింది.

ఈలోగా అక్కకు గుండె ఆపరేషన్ అన్నారు. పక్కన ఉండాలి. పిన్ని నడుం బిగించి ఆ కాపీలన్నీ ఏరిపారేసి, ఆ పని చేసే కోడు ముక్కను ఒకే ఫంక్షన్‌గా రాసి ఉమ్మడి ఫైల్లో పెట్టింది. ఇక ప్రతి పేజీ దాన్నే వాడుకుంటుంది.

"నేను లేకపోయినా నడుస్తుంది సార్," అని మేనేజరుకు చెప్పి సెలవు పుచ్చుకుంది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి మెట్లెక్కుతుంటే ఆఫీసు నుంచి ఫోను. సైట్లో ఏ పేజీ ఎవరి సెల్ నంబరూ తీసుకోవడం లేదు.

పక్క సీటాయన నిర్వాకం. తన పేజీకి ఆఫీసు ల్యాండ్‌లైన్లే కావాలని ఫంక్షన్‌ను మార్చేశాడు. "అది నా పేజీకున్న కాపీయే అనుకున్నా పిన్నీ. ఎప్పుడూ అంతేగా!" అన్నాడు.

అక్క మంచం పక్కన లాప్‌టాప్ తెరవడానికి ఆమెకు మనసొప్పలేదు. ముగించుకునే పైకెళ్దామని కింద బెంచీ మీద కూర్చుంది. పాతది తిరిగి పెట్టేస్తే ఆయన పేజీ ఆగుతుంది, రేపు మళ్ళీ తనకే ఫోను. అందుకని ఏ రకం నంబరు కావాలో పేజీయే ఫంక్షన్‌కు చెప్పేలా తిరగరాసింది. ఒక్కో పేజీ తెరిచి చూసుకుంది. అన్నీ పనిచేశాయి. చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుని పైకి వెళ్ళింది.

మంచం ఖాళీగా ఉంది. బావ దుప్పటి మడత పెడుతున్నాడు.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. చెల్లి వచ్చిందా, చెల్లి వచ్చిందా అని ఒకటే అడిగింది. దారిలో ఉందిలే అని చెప్పా. ట్రాఫిక్కా?"

పిన్నికి ఏడుపొచ్చింది.

"కిందే ఉన్నాను బావా," అంది.